2050లో మా మండలంలో ఎంత వాన పడుతుందో క్లైమేట్ మోడల్ చెప్పగలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ జిల్లా ప్రణాళిక కోసం ఒక కన్సల్టెన్సీ రిపోర్టు ఇచ్చింది. 2050 నాటికి ఏ మండలంలో ఎంత శాతం వాన పెరుగుతుందో అందులో దశాంశ స్థానాలతో సహా పట్టిక వేశారు. దాన్నిబట్టి డ్రెయిన్లు, కల్వర్టుల డిజైన్ మార్చాలా అన్నది మీ సందేహం. వచ్చే వారం వానే సరిగ్గా చెప్పలేనప్పుడు 2100 సంగతి కంప్యూటర్ ఎలా చెబుతుంది, దాన్ని నమ్మి దేశాలు లక్షల కోట్ల నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నాయి అని కూడా అడిగారు.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఆ మండలాల పట్టిక పట్టుకుని ఒక్క కల్వర్టు కూడా డిజైన్ చేయకండి. అలాగని క్లైమేట్ మోడళ్లన్నీ (గాలి, సముద్రం నడిచే తీరును భౌతిక సూత్రాలతో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలు) ఊహాగానాలని కొట్టిపారేయకండి. ఆ పట్టిక వెనకున్న మోడళ్లే ఇంకో రకం ప్రశ్నకు ఎంత గట్టి జవాబు ఇచ్చాయంటే, ఈరోజు ప్రపంచ దేశాల వాతావరణ విధానమంతా ఆ జవాబు మీదే నిలబడి ఉంది. ఏ ప్రశ్న మోడల్ స్థాయికి తగినది, ఏది కాదు అన్నదే అసలు విషయం. మోడల్ ఔట్‌పుట్‌ను నీటిపారుదల, వ్యవసాయ ప్రణాళికలకు పనికొచ్చేలా మార్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే మొదలయ్యాయి.

ముందు వారం వాన, వందేళ్ల వాతావరణం సంగతి. రెండింటికీ వాడే ప్రోగ్రాం చాలావరకు ఒకటే, అడిగే ప్రశ్నే వేరు. వచ్చే వారం వాన చెప్పాలంటే ఈ క్షణాన గాలి, తేమ, పీడనం ఎక్కడ ఎంత ఉన్నాయో కచ్చితంగా తెలియాలి. అందులో రవ్వంత తేడా ఉన్నా రెండు వారాలు తిరిగేసరికి లెక్క ఎటో వెళ్లిపోతుంది. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే దీన్ని చూపించాడు. క్లైమేట్ మోడల్ మాత్రం 2085లో ఫలానా తేదీన ఏమవుతుందో చెప్పే ప్రయత్నమే చేయదు. భూమికి వచ్చే వేడికీ, భూమి వదిలే వేడికీ మధ్య లెక్క మారితే సగటులు, హెచ్చుతగ్గులు ఎటు జరుగుతాయన్నదే అది చెప్పేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్నారంటే, మే 28న మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలో లెక్కగట్టి అనలేదు కదా. అయినా ఆ మాట ఎక్కువ ఏళ్లలో నిజమే అవుతుంది.

అది సరిగ్గా చెబుతోందని ఎలా తెలుసు అంటారా? నాకు నమ్మకం కలిగించినవి రెండు మూడు ఉన్నాయి. 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు ఇప్పటి ఫోన్‌లో వెయ్యో వంతు శక్తి కూడా లేని కంప్యూటర్ మీద ఒక లెక్క చేశారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే నేల దగ్గర రెండు డిగ్రీలకు కాస్త పైగా వేడెక్కుతుందని, అదే సమయంలో పైనున్న స్ట్రాటోస్ఫియర్ (మేఘాలు, వానలకు పైనుండే గాలి పొర) చల్లబడుతుందని వచ్చింది. ఆ రెండో ముక్క చాలా ముఖ్యం. వేడికి కారణం సూర్యుడే అయితే కింద, పైన రెండు చోట్లా వేడెక్కాలి. తర్వాతి దశాబ్దాల్లో ఉపగ్రహాలు, బెలూన్లు కొలిచి చూస్తే కింద వేడెక్కుతోంది, పైన చల్లబడుతోంది. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే.

రెండోది పినటుబో. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో ఆ అగ్నిపర్వతం పేలి గంధకపు పొర ఒకటి స్ట్రాటోస్ఫియర్‌ను కమ్మేసింది. నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం తమ మోడల్‌ను నడిపి, ప్రపంచ ఉష్ణోగ్రత అర డిగ్రీ మేర తగ్గి కొన్నేళ్లలో మళ్లీ కోలుకుంటుందని 1992 జనవరిలోనే అచ్చు వేయించింది. దాదాపు అలాగే జరిగింది. చల్లబడినప్పుడు గాలిలో నీటి ఆవిరి కూడా మోడల్ చెప్పినట్టే తగ్గింది. ఆవిరి ప్రభావాన్ని మోడల్‌లోంచి తీసేసి చూస్తే అంత చలి రాలేదు. జరగబోయేది ముందే రాసిపెట్టి, తర్వాత కొలిచి సరిచూసిన పరీక్ష ఇది.

ఇంకోటి, 1970 నుంచి 2007 వరకు అచ్చైన 17 పాత అంచనాలను జీక్ హౌస్‌ఫాదర్ బృందం 2020లో అసలు ఉష్ణోగ్రతలతో పోల్చింది. నిజంగా వెలువడిన వాయువుల మోతాదుకు సర్దుబాటు చేసి చూస్తే 14 సరిపోయాయి. ఇక్కడ ఆ సర్దుబాటును గమనించాలి. మనుషులు ఎంత బొగ్గు కాలుస్తారో మోడల్‌కు తెలియదు. 'ఇంత కాలిస్తే ఇంత వేడెక్కుతుంది' అన్నదే దాని వాక్యం. ఆ 'కాలిస్తే' మాటను మర్చిపోయి మోడల్ తప్పిందని గొడవపడేవాళ్లను రెండు పక్షాల్లోనూ చూశాను.

ఇప్పుడు మీ మండలం దగ్గరికి వద్దాం. మోడల్ లోపల భూగోళం గళ్లు గళ్లుగా ఉంటుంది. ప్రతి గడికీ గాలి వేగం, ఉష్ణోగ్రత, తేమ లాంటి విలువలు ఒక్కొక్కటి ఉంటాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదికకు వాడిన సీమిప్6 మోడళ్లలో (పలు దేశాల సంస్థలు ఒకే పద్ధతిలో నడిపి పోల్చిన మోడళ్ల సముదాయం) చాలావాటికి ఒక గడి సుమారు 100 కిలోమీటర్ల భుజంతో ఉంటుంది. అంటే 10,000 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి కృష్ణా జిల్లా విస్తీర్ణం 8,700 పైచిలుకు. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం అన్నిటికీ కలిపి ఒకే ఉష్ణోగ్రత, ఒకే వాన అన్నమాట. ఫైలు తెరిచి మచిలీపట్నం అక్షాంశ రేఖాంశాలు ఇస్తే కొన్ని మోడళ్లలో అది సముద్రపు గడిలో పడుతుంది. అప్పుడు మీకొచ్చే ఉష్ణోగ్రత బందరు ఊరిది కాదు, బంగాళాఖాతం నీటిది. తూర్పు కనుమలు కూడా ఆ గళ్లలో నలిగి మెట్టల్లా మిగులుతాయి. పాపికొండల ఎత్తు అందులో కనిపించదు.

వాన కురిపించే మేఘం వెడల్పు మామూలుగా కొన్ని కిలోమీటర్లే. 100 కిలోమీటర్ల గడిలో అది ఇమడదు కాబట్టి గడి సగటు తేమ, వేడిని చూసి 'ఇలాంటప్పుడు ఇంత మేఘం పుడుతుంది' అని సూత్రం రాస్తారు. దీన్ని పారామీటరైజేషన్ అంటారు. ఒక్కో సంస్థ ఒక్కోలా రాస్తుంది. మోడళ్లు ఒకదానితో ఒకటి విభేదించేది ఎక్కువగా ఇక్కడే. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి ఎంత వేడెక్కుతుందన్న అంచనా 1979లో అమెరికా శాస్త్రవేత్తలు ఇచ్చిన చార్నీ నివేదికలో 1.5 నుంచి 4.5 డిగ్రీలు. 2021 నాటికి ఐపీసీసీ దాన్ని 2.5 నుంచి 4కు కుదించగలిగింది. అదీ మోడళ్లను మాత్రమే నమ్ముకుని కాదు. పాత భూవాతావరణ ఆధారాలు, ఉపగ్రహ కొలతలు, మేఘాల భౌతికశాస్త్రం అన్నీ కలిపి చూశాకే. ఎందుకంటే సీమిప్6లో కొన్ని మోడళ్లు 5 డిగ్రీలు దాటి పోయాయి. అవి మరీ వేడి మోడళ్లని శాస్త్రవేత్తలే గుర్తించి, అన్నిటి సగటు తీసి వాడొద్దని 2022లో హెచ్చరించారు. మీ రిపోర్టులో ఆ జల్లెడ పట్టారో లేదో చూడాలి.

మరి ఇన్ని లోపాలున్న యంత్రం విధానానికి ఏం ఇచ్చింది? నా దృష్టిలో దాని అతిపెద్ద కానుక ఒకటుంది. బయట దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పాత మోడళ్లలో గాలి, సముద్రం మాత్రమే ఉండేవి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో మనమే ఇచ్చేవాళ్లం. ఎర్త్ సిస్టమ్ మోడళ్లు వచ్చాక అడవులు, నేల, సముద్రంలోని జీవరాశి కూడా లెక్కలోకి వచ్చాయి. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా నేల, సముద్రం పీల్చేస్తున్నాయి. వేడెక్కే కొద్దీ అవి పీల్చే వాటా తగ్గుతుంది. ఇవన్నీ కలిపి నడిపినప్పుడు 2009 ప్రాంతంలో పలు బృందాలకు విడివిడిగా ఒకే ఫలితం వచ్చింది. భూమి ఎంత వేడెక్కుతుందన్నది మనం మొదటినుంచి మొత్తం ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలామన్నదాని మీద ఆధారపడుతుంది. ఏ ఏడాది ఎంత వదిలామన్నది పెద్దగా లెక్కలోకి రాదు. మొత్తానికీ, వేడికీ మధ్య దాదాపు సరళరేఖ.

ఇది ముందుగా ఎవరూ ఊహించినది కాదు. గాలిలో పోగుపడే కొద్దీ అదనపు టన్ను కార్బన్ డయాక్సైడ్ వేడెక్కించే శక్తి తగ్గుతూ పోతుంది. మరోవైపు సముద్రం, నేల పీల్చే వాటా కూడా తగ్గుతుంది, సముద్రం వేడిని మింగడం కూడా మందగిస్తుంది. ఈ వంకరలు ఒకదాన్నొకటి సరిచేసుకుని రేఖ తిన్నగా వస్తుంది. కాగితం మీద ఒక్కో ప్రక్రియను విడిగా చూస్తే ఇది దొరకదు. అన్నిటినీ కలిపి నడిపే యంత్రం ఉంటేనే దొరుకుతుంది.

లెక్క మీరే చేసి చూడండి. ఐపీసీసీ ప్రకారం ప్రతి లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 0.45 డిగ్రీలు, అటూ ఇటూ 0.27 నుంచి 0.63 వరకు ఉండొచ్చు. 1850 నుంచి 2019 దాకా మానవజాతి వదిలింది సుమారు 2.39 లక్షల కోట్ల టన్నులు. గుణిస్తే 1.08 డిగ్రీలు. అప్పటికి భూమి వేడెక్కింది కూడా సుమారు 1.07. ఇతర వాయువులు, పొగ ధూళి కలిపితే లెక్క ఇంకొంచెం చిక్కుపడుతుంది గానీ, అవి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో ఈ దగ్గర లెక్క నిలబడింది. ఇప్పుడు ఏటా వదులుతున్నది 4,000 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంది. పదేళ్లు ఇలాగే సాగితే ఇంకో 0.18 డిగ్రీలు. ఏ మంత్రికైనా ఒక్క నిమిషంలో చెప్పగలిగే లెక్క ఇది, దీని వెనక దశాబ్దాల మోడలింగ్ ఉంది.

దీనికి ఇంకో కొస ఉంది. 1992లో రియోలో దేశాలు సంతకం చేసిన ఒప్పందం గాలిలో వాయువుల సాంద్రతను స్థిరపరచడమే లక్ష్యమంది. కానీ సాంద్రత స్థిరంగా ఉన్నా సముద్రం నెమ్మదిగా వేడెక్కుతూనే ఉంటుంది కాబట్టి భూతాపం ఇంకా పెరుగుతుంది. ఉద్గారాలను నికరంగా సున్నా (నెట్ జీరో) చేస్తే, అంటే వదిలినంతా తిరిగి తీసేస్తే మాత్రం లెక్క వేరు. సముద్రం కార్బన్‌ను పీల్చుకుంటూ పోతుంది, గాలిలో సాంద్రత దిగుతుంది. ఆ చల్లదనం, మిగిలిపోయిన వేడి దాదాపు సరిసమానమై ఉష్ణోగ్రత ఆగుతుంది. దీన్ని పరీక్షించడానికే పలు మోడళ్లను ఉద్గారాలు ఆపేసి నడిపారు. 50 ఏళ్ల తర్వాత మార్పు సగటున సున్నాకు చాలా దగ్గర, మోడల్‌ను బట్టి 0.36 తగ్గుదల నుంచి 0.29 పెరుగుదల దాకా వచ్చింది. 2015 పారిస్ ఒప్పందంలో ఉద్గారాలు, పీల్పు సరిసమానం కావాలన్న మాట, 2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం ప్రకటించిన 2070 నెట్ జీరో గడువు, వీటికి అర్థం ఇచ్చింది ఈ ఫలితమే. 'సగానికి తగ్గిద్దాం చాలు' అంటే ఎందుకు చాలదో మోడళ్లు లేకపోతే మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఒక చిన్న జాగ్రత్త. ఈ సరళరేఖ కార్బన్ డయాక్సైడ్‌ది. మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది. డెల్టా వరి మడుల మీథేన్‌ను, థర్మల్ ప్లాంటు బొగ్గును 'సమానమైన టన్నులు' అని ఒకే ఖాతాలో కలిపేసి రైతు మీద, ప్లాంటు మీద ఒకే రకం లక్ష్యం పెడితే అది శాస్త్రం చెప్పినట్టు కాదు.

మీ రెండో ప్రశ్నకు, అంటే దేశాలు డబ్బు నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నాయన్నదానికి, ఇక్కడ ఒక తేడా చెప్పాలి. భౌతికశాస్త్రంతో నడిచేవి ఎర్త్ సిస్టమ్ మోడళ్లు. ఏ దేశం ఎప్పుడు బొగ్గు మానాలి, ఎంత ఖర్చవుతుంది అని చెప్పేవి వేరే రకం. వాటిని ఇంటిగ్రేటెడ్ అసెస్‌మెంట్ మోడళ్లంటారు. వాటిలో ఆర్థిక ఊహలు, విలువల ఎంపికలు కూడా ఉంటాయి. ఈ రెండింటినీ 'మోడల్ చెప్పింది' అన్న ఒకే మాటలో కలిపేయడం చాలా హాని చేస్తోంది. అమెరికాలో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల సమాజానికి కలిగే నష్టం విలువను ట్రంప్ మొదటి ప్రభుత్వం 1 నుంచి 7 డాలర్లుగా కట్టింది. 2023లో అక్కడి పర్యావరణ సంస్థ అదే టన్నుకు 190 డాలర్లంది. శాస్త్రం కొంత మెరుగైన మాట నిజమే. కానీ తేడాలో పెద్ద భాగం రెండు నిర్ణయాల వల్ల వచ్చింది. అమెరికాలో జరిగే నష్టాన్నే లెక్కించాలా, ప్రపంచమంతటిదీ లెక్కించాలా అన్నది ఒకటి. మన మనవల నష్టాన్ని ఈరోజు విలువలో ఎంత తగ్గించి చూడాలన్నది రెండోది. ఇవి కంప్యూటర్ తేల్చేవి కావు.

మనకు దీంట్లో ప్రత్యేకమైన బాధ ఒకటుంది. తలసరి ఉద్గారాల్లో భారతీయుడి వాటా ఏటా 2 టన్నుల చుట్టూ ఉంది, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. ఈ మోడళ్లు మొత్తం ఖర్చు తక్కువయ్యే దారి వెతుకుతాయి కాబట్టి, తగ్గింపు ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ పెడతాయి. ఆ చౌక తరచుగా పేద దేశాల్లో దొరుకుతుంది. దాంతో 2050లో కూడా పేద, ధనిక దేశాల మధ్య తలసరి ఇంధన వాడకంలో పెద్ద తేడా ఉండిపోయే దారులు ఐపీసీసీ పట్టికల్లోకి ఎక్కాయని మన దేశ పరిశోధకులు గట్టిగా వాదిస్తున్నారు. నేను ఆ వాదనతో ఏకీభవిస్తాను. భౌతిక మోడల్ ఇచ్చే కార్బన్ బడ్జెట్‌ను (ఇన్ని డిగ్రీల దగ్గర ఆగాలంటే మొత్తం ఇంకా ఎంత వదలొచ్చన్న లెక్కను) ఒప్పుకుంటూనే, దాన్ని దేశాలకు పంచే లెక్కను ప్రశ్నించవచ్చు. ప్రశ్నించాలి కూడా.

ఇక వాన. మీ పట్టికను నమ్మొద్దనడానికి అసలు కారణాలు ఇక్కడున్నాయి.

నైరుతి రుతుపవనాల విషయంలో చాలా ప్రపంచ మోడళ్లకు తరాలుగా వస్తున్న జబ్బు ఒకటుంది. మన భూభాగం మీద కురవాల్సిన దానికంటే తక్కువ, భూమధ్యరేఖ దగ్గరి హిందూ మహాసముద్రం మీద ఎక్కువ కురిపిస్తాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎమ్ సొంతంగా ఎర్త్ సిస్టమ్ మోడల్ తయారుచేసి సీమిప్6లో పెట్టడానికి ఒక ముఖ్య కారణం రుతుపవనాలను మెరుగ్గా పట్టుకోవాలన్నదే. మన దేశం నుంచి అందులోకి వెళ్లిన మొదటి మోడల్ అది.

రెండో చిక్కు, జరిగినదాన్ని వివరించడం. భూమి వేడెక్కితే గాలిలో తేమ పెరిగి రుతుపవన వర్షం పెరగాలని మోడళ్లంటాయి. కానీ 1951 నుంచి 2015 మధ్య దేశంలో రుతుపవన వర్షం సుమారు 6% తగ్గిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. మోడళ్లలో పొగ, గంధకపు ధూళిని విడిగా పెట్టి, తీసి చూస్తే కారణం చాలావరకు తేలింది. ఆ ధూళి ఎండను అడ్డుకుని, నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడాను తగ్గించి రుతుపవనాలను నీరసింపజేసింది. ఇలా ఒక కారణాన్ని తీసి చూసే వీలు అసలు భూమి మీద లేదు, మోడల్‌లోనే ఉంది. విధానానికి దీని అర్థం ఏమిటంటే, రేపు మన నగరాల గాలి శుభ్రపడితే ఊపిరితిత్తులకు మేలు, రుతుపవనాలకు బలం, అదే సమయంలో ఇన్నాళ్లూ ధూళి దాచిన వేడి కూడా బయటపడుతుంది. గాలి నాణ్యత ఒక శాఖ, వేడిగాలుల ప్రణాళిక ఇంకో శాఖ చూస్తున్నంతకాలం ఈ లెక్క ఎవరి బల్ల మీదికీ రాదు.

మూడో చిక్కు అన్నిటికన్నా మొండిది. అమెరికాలోని వాతావరణ పరిశోధన సంస్థ ఎన్‌కార్ ఒకే మోడల్‌ను, ఒకే ఉద్గారాలతో, 40 సార్లు నడిపింది. ఒక్కో పరుగుకు తేడా అల్లా మొదట్లో గాలి ఉష్ణోగ్రతను డిగ్రీలో వంద లక్షల కోట్ల వంతు కదిలించడమే. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 40 పరుగుల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది. కానీ ఒక ప్రాంతం తీసుకుని చూస్తే కొన్ని దశాబ్దాల ధోరణి కూడా ఒక పరుగులో పైకి, ఇంకో పరుగులో కిందికి పోతుంది. మోడల్ ఎంత గొప్పదైనా, గడి ఎంత చిన్నదైనా ఈ సహజమైన ఊగిసలాట పోదు. వచ్చే 25 ఏళ్లలో ఒక జిల్లా సగటు వాన ఎటు పోతుందన్నదాంట్లో దీని వాటా చాలా పెద్దది. దాన్ని ఒకే సంఖ్యగా, అదీ దశాంశాలతో, మండలానికొకటి రాసిచ్చారంటే లేని సమాచారాన్ని ఉన్నట్టు చూపించారన్నమాట.

మరి మండలాల స్థాయి అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? డౌన్‌స్కేలింగ్ నుంచి. 100 కిలోమీటర్ల ఔట్‌పుట్‌ను భారత వాతావరణ శాఖ (ఐఎండీ) వాన రికార్డుతో సరిపోల్చి 25 కిలోమీటర్ల గళ్లలోకి దించుతారు. అలా దించితే మ్యాపు అందంగా, వివరంగా కనిపిస్తుంది. కానీ భవిష్యత్తు మార్పు గురించిన సమాచారం పాత 100 కిలోమీటర్ల గడిదే. మీ పట్టికలో పక్కపక్క మండలాల మార్పు శాతాలు నున్నగా, కొద్దికొద్దిగా మారుతూ పోతున్నాయేమో చూడండి. అలా ఉంటే ఒకటి రెండు గళ్ల విలువలను మధ్యలో సాగదీశారని అర్థం.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. ఎండ గురించైతే మోడళ్లను నిస్సంకోచంగా వాడండి. దిశ మీద వాటిలో భేదాభిప్రాయం లేదు. ఒకప్పుడు పదేళ్లకోసారి వచ్చే తీవ్రమైన ఎండ, 2 డిగ్రీల ప్రపంచంలో (సగటున 2 డిగ్రీలు వేడెక్కిన భూమి మీద) 19వ శతాబ్దంతో పోలిస్తే 5.6 రెట్లు తరచుగా వస్తుందని ఐపీసీసీ అంచనా. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ ఎంతమందిని బలి తీసుకుందో చూశాక కూడా ఉపాధి పనుల వేళలు, ఆసుపత్రి వార్డుల పైకప్పుల కోసం ఇంకో స్టడీ కావాలని ఆగడం సమర్థనీయం కాదు.

సముద్ర మట్టం విషయంలో 2050 దాకా ఉద్గారాలు ఎటు పోయినా అంచనా పెద్దగా మారదు. 1995-2014 సగటు కన్నా 15 నుంచి 29 సెంటీమీటర్ల పైన. 2100కి మాత్రం 30 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా, మంచు ఫలకాలు కూలడం వేగంగా జరిగితే ఇంకా పైకి. అంత వెడల్పున్న అంచనాతో పని చేయడం ఎలాగో లండన్ చూపించింది. థేమ్స్ వరద ప్రణాళికలో 2100కి ఒకే అంకె పట్టుకోలేదు. మట్టం ఇంత పెరిగితే ఈ పని, ఇంకా పెరిగితే ఆ పని అని దశలు వేసుకుని, కొలతలు చూస్తూ కదులుతున్నారు. తర్వాతి దశకు కావాల్సిన స్థలాన్ని ఇప్పుడే అట్టే ఉంచుతున్నారు. మన కరకట్టలకు ఇదే పద్ధతి సరిపోతుంది. పైగా మనకు క్లైమేట్ మోడల్ చూడని అంశం ఒకటుంది. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో కృష్ణా, గోదావరి డెల్టాల నేల కుంగుతోంది. సముద్రం పైకి, నేల కిందికి. రిపోర్టులో మొదటిది ఉండి రెండోది లేకపోతే తీరప్రాంత మండలాల లెక్క తప్పుతుంది.

మీ డ్రెయిన్ల విషయానికొస్తే సగటు వానను వదిలేయండి, భారీ వానను పట్టుకోండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7% ఎక్కువ తేమ పడుతుంది. రోజువారీ అతిభారీ వర్షాల తీవ్రత కూడా ప్రపంచవ్యాప్తంగా దాదాపు అదే రేటున పెరుగుతుంది. గంటల వ్యవధి కుండపోతలు కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ పెరగొచ్చు. ఇది భౌతిక సూత్రం నుంచి, మోడళ్ల నుంచి, కొలతల నుంచి మూడు వైపుల నుంచీ వస్తున్న మాట కాబట్టి దీని మీద డిజైన్ చేయొచ్చు. ఇంగ్లండ్‌లో కొత్త కట్టడాలకు వరద లెక్క వేసేటప్పుడు వాన తీవ్రతకు ఇంత శాతం అదనంగా కలపాలని ప్రభుత్వ మార్గదర్శకాలే ఉన్నాయి. మీరు మీ ఐఎండీ స్టేషన్ల రికార్డును ఈనాటిదాకా తెచ్చి తీవ్రత లెక్కలు మళ్లీ వేయించండి. చాలాచోట్ల డిజైన్లు దశాబ్దాల నాటి వానల మీదే నడుస్తున్నాయి, ఆ ఒక్క సవరణే పెద్దది. తర్వాత దానికి 10%, 20%, 30% కలిపి ఏ కల్వర్టు ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడండి. 10 శాతానికే పొంగేదాన్ని ముందు మార్చండి. 30 దాకా తట్టుకునేదాని జోలికి పోనక్కర్లేదు. ఇలా తిరగేసి అడిగితే 2050లో కచ్చితంగా ఎంత వాన అన్న ప్రశ్నకు జవాబు లేకుండానే నిర్ణయం తేలిపోతుంది.

2024 సెప్టెంబరు మొదటివారంలో విజయవాడలో జరిగింది చూశారుగా. ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ డిజైన్ సామర్థ్యం సుమారు 11.9 లక్షలు. చరిత్రలోనే పెద్ద వరద, అయినా బ్యారేజీ తట్టుకుంది. ఊరిని ముంచింది బుడమేరు వాగు. గండ్లు పడి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఏ ప్రపంచ మోడల్ గడిలోనూ బుడమేరు లేదు. దాని గట్లు, ఆక్రమణలు, డైవర్షన్ కాలువ సామర్థ్యం మీ దగ్గరున్న సర్వే కాగితాల్లోనే ఉన్నాయి. మోడల్ ఇచ్చే 'ఇంత శాతం అదనం' అన్న మాటను ఆ కాగితాలతో కలిపితేనే అది ప్రణాళిక అవుతుంది.

కన్సల్టెన్సీని ఇవి అడగండి. ఎన్ని మోడళ్లు వాడారు, మరీ వేడి మోడళ్లను తీసేశారా? ఏ ఉద్గారాల దారి తీసుకున్నారు? అత్యధిక ఉద్గారాల దారి ఒక్కటే తీసుకుని దాన్ని 'ఇప్పుడున్నట్టే సాగితే' అని పిలిచారా? అలా పిలవడం సరికాదు, ఎందుకంటే ఇప్పటి విధానాలు మనల్ని శతాబ్దం చివరికి 3 డిగ్రీల దరిదాపులకు తీసుకెళ్తున్నాయి, ఆ దారి అంతకు చాలా పైన ఉంది. ఏడాది బదులు '1.5 డిగ్రీల ప్రపంచంలో, 2 డిగ్రీల ప్రపంచంలో' అని ఫలితాలు ఇవ్వగలరా? మోడళ్లలో ఎన్ని పెరుగుదల అన్నాయి, ఎన్ని తగ్గుదల అన్నాయి? గడచిన 40 ఏళ్ల మీ జిల్లా వానలను అవి ఎంతవరకు సరిగ్గా చూపించాయి? ఈ వివరాలు రిపోర్టు అనుబంధంలో లేకపోతే రాతపూర్వకంగా తెప్పించుకోండి, బిల్లు పాస్ చేసేలోపు. వచ్చాక మోడళ్ల పేర్లు, దారి పేరు ఇక్కడ పెడితే వాటిలో ఏవి మన ప్రాంతపు రుతుపవనాలకు పనికొస్తాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.